భూసార పరీక్ష కాగితంలో 'కేషన్ ఎక్స్ఛేంజ్' అంటే ఏమిటి? అన్నీ కలిపితే నూటికి నూరు దాటుతోందేంటి?

రేగడి_పొలం అడిగారు:

అందరికీ నమస్కారం. పల్నాడు వైపు నల్లరేగడి, సాగర్ కుడి కాలువ కింద రెండెకరాలు. పత్తి, మిరప. కాలువ ఆగాక బోరు నీళ్ళే దిక్కు. తడి పెట్టిన రెండో రోజుకి పైన పొర అట్టలా గట్టిపడుతోంది, మళ్ళీ తడి పెడితే నీళ్ళు ఇంకకుండా నిలబడుతున్నాయి. మట్టి పరీక్ష చేయిస్తే వచ్చిన అంకెలు ఇవి:

పి.హెచ్. 8.6
ఇ.సి. (లవణాలెంతో చెప్పే విద్యుత్ వాహకత) 0.6 (1:2, ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్ళలో)
సేంద్రియ కర్బనం 0.42 శాతం
సున్నం 8 శాతం
కేషన్ ఎక్స్ఛేంజ్ కెపాసిటీ 42
కాల్షియం 44.0, మెగ్నీషియం 11.5, పొటాషియం 0.9, సోడియం 5.2 (అన్నీ సెంటీమోల్/కిలో)
సోడియం శాతం 8.4, పక్కన 'సురక్షితం' అని రాశారు.

నా సందేహాలు మూడు. అసలు ఈ 'కేషన్' అంటే ఏంటి? మొత్తం సామర్థ్యం 42 అయితే నాలుగూ కలిపి 61.6 ఎలా అవుతుంది? 'సురక్షితం' అంటే జిప్సం అక్కర్లేదనేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

---

మోల్_లెక్క:

మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను, మిగతా రెండూ మట్టి తెలిసినవాళ్ళు చూస్తారు.

ముందు పలకడం సరిచేసుకుందాం. ఆ ఇంగ్లీషు స్పెల్లింగు చూసి 'ఎడ్యుకేషన్' లాగా 'కేషన్' అనేస్తారు చాలామంది, డిగ్రీ పిల్లలు కూడా. అది రెండు ముక్కల మాట: కేట్ + అయాన్, కేటయాన్. మన పాఠ్యపుస్తకాల్లో కాటయాన్ అనీ ఉంటుంది, ధనాయాన్ అనీ ఉంటుంది. మూడూ ఒకటే.

అర్థం: ధనావేశం ఉన్న అయాన్. సోడియం పరమాణువు తీసుకోండి. కేంద్రకంలో 11 ప్రోటాన్లు, చుట్టూ 11 ఎలక్ట్రాన్లు (2, 8, 1). ఆ చివరి ఒక్కటి పోతే 11 ప్రోటాన్లకి 10 ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఒక ధనావేశం పైకి తేలింది, అది సోడియం కేటయాన్. కాల్షియంలో 20కి రెండు పోయి 18 మిగులుతాయి కాబట్టి రెండు ధనావేశాలు. కేంద్రకాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ప్రోటాన్లు కొత్తగా వచ్చి చేరలేదు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: 'ధనం వచ్చింది' అంటే ఏదో కలిసిందనుకుంటారు. తెలుగులో చెబితే ఇట్టే తేలిపోతుంది. ఎలక్ట్రాన్‌ది ఋణావేశం. ఋణం వదిలించుకున్నవాడికి ధనం మిగులుతుంది. అంతే.

లోహాలే కేటయాన్లవుతాయనీ లేదు. యూరియా మట్టిలో విడిపోతే వచ్చే అమ్మోనియం ఒక నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్లు కలిసిన గుంపు. గుంపు మొత్తానికీ కలిపి ఒక ధనావేశం. అదీ కేటయానే.

మాట పుట్టుక సంగతి కూడా చెప్పేస్తాను, మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు. 1834లో మైకేల్ ఫారడేకి ఈ పేర్లు అందించింది కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్. గ్రీకులో 'అయాన్' అంటే పోయేది, 'కటా' అంటే కిందికి, 'అనా' అంటే పైకి. కరెంటును తూర్పు నుంచి పడమరకి, సూర్యుడు నడిచే దారినే ఊహించుకున్నారు. పొద్దు పొడిచే వైపున్న ఎలక్ట్రోడు ఆనోడు, పొద్దు వాలే వైపుది కేథోడు. కేథోడు వైపు నడిచేది కేటయాన్. కాబట్టి మాటలో ధనం అన్న అర్థం లేనే లేదు, ఎటు పోతుందో మాత్రమే ఉంది.

దీనివల్ల ఒక చిక్కు తీరుతుంది. విద్యుద్విశ్లేషణలో కేథోడు ఋణ ధ్రువం, టార్చిలైటు బ్యాటరీలో కేథోడు ధన ధ్రువం. 'కేథోడు అంటే మైనస్' అని బట్టీ పట్టినవాళ్ళు రెండోచోట ఇరుక్కుంటారు. కేటయాన్లు మాత్రం రెండుచోట్లా కేథోడు వైపే పోతాయి.

ఇంకొక్క మాట. కేటయాన్లను విడిగా సీసాలో పోసి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేరు. ఎక్కడున్నా పక్కన అంతే ఋణావేశం ఉండి తీరాలి. ఉప్పులో ఆ జోడు క్లోరైడు. మీ నేలలో ఆ జోడు బంకమట్టి రేణువే.

---

కొత్త_సభ్యుడు_77:

42 ఉండాల్సిన చోట 61 వచ్చిందంటే లేబు తప్పే అన్నా. ఆ కాగితం పారేసి ఇంకోచోట చేయించు.

---

మట్టి_పరీక్ష:

తొందరపడొద్దు. కాగితంలో అంకెలు తప్పని చెప్పలేం, వాటిని కలిపిన తీరు తప్పు. సున్నం ఉన్న నల్లరేగడిలో ఇదే పద్ధతిలో ఇంకోచోట చేయించినా ఇదే వస్తుంది.

నల్లరేగడిలో బంక రకం స్మెక్టైట్. దాని పలకల మీద ఎప్పటికీ పోని ఋణావేశం ఉంటుంది. ప్రతి ఋణావేశం ఒక కుర్చీ అనుకోండి. దాని మీద ఏదో ఒక కేటయాన్ కూర్చోవాలి, ఖాళీ ఉండదు. ఒకటి లేవాలంటే ఇంకొకటి వచ్చి కూర్చోవాలి. అదే ఎక్స్ఛేంజ్, మార్పిడి. కిలో మట్టిలో మొత్తం ఎన్ని కుర్చీలో చెప్పేదే సి.ఇ.సి. మీ 42 నల్లరేగడికి సహజమైన అంకె. కయోలినైట్ బంక ఉన్న ఎర్ర చెలకల్లో 5 నుంచి 15 మధ్య ఉంటుంది. అందుకే చెలకలో ఎరువు నిలవదు, విడతలుగా వేయాలంటారు.

లెక్క బరువుల్లో కాదు, ఆవేశాల్లో. కాల్షియం రెండు కుర్చీలు ఆక్రమిస్తుంది, పొటాషియం ఒకటే. 1 సెంటీమోల్ ఆవేశానికి కాల్షియం 0.2 గ్రాములు, మెగ్నీషియం 0.12, సోడియం 0.23, పొటాషియం 0.39. పాత రిపోర్టుల్లో 'మిల్లీ ఈక్వివలెంట్/100 గ్రాములు' అని ఉంటుంది, అంకె మారదు.

ఇప్పుడు 61.6 సంగతి. మార్పిడి కేటయాన్లను తీయడానికి మామూలుగా వాడేది 1 నార్మల్ అమ్మోనియం ఎసిటేట్, పి.హెచ్. 7. అమ్మోనియం వెళ్ళి కుర్చీల్లో కూర్చుని మిగతావాటిని ద్రావణంలోకి లేపుతుంది, దాన్ని వడకట్టి కొలుస్తారు. ఎర్ర నేలకి ఇది చక్కగా సరిపోతుంది. మీ మట్టిలో 8 శాతం సున్నం ఉంది. పి.హెచ్. 7 ద్రావణం తగిలితే ఆ సున్నంలో కొంత కరిగి, కుర్చీలో ఎన్నడూ కూర్చోని కాల్షియం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పెళ్ళి బంతిలో విస్తళ్ళు లెక్కపెట్టమంటే గుమ్మం బయట నిలబడ్డవాళ్ళని కూడా కలిపి లెక్కపెట్టినట్టు.

ఎంత కరిగి ఉండాలో చూద్దాం. ఎక్కువ వచ్చింది 61.6 − 42 = 19.6 సెంటీమోల్. కాల్షియం కార్బొనేటు 1 సెంటీమోల్ ఆవేశానికి అర గ్రాము. అంటే కిలో మట్టికి 9.8 గ్రాములు, సుమారు 1 శాతం. మీ దగ్గరున్న 8 శాతంలో ఒక్క శాతం కరిగితే చాలు ఈ తేడా రావడానికి. చిత్రమేమీ లేదు.

సోడియంలోనూ ఇలాంటి కలుపు ఉంది, చిన్నదే గానీ ముఖ్యమైనది. మట్టి నీటిలో ఊరికే కరిగి ఉన్న సోడియం కూడా అమ్మోనియం ఎసిటేట్‌లోకి వచ్చేస్తుంది. దాన్ని తీసేయాలి. మీ ఇ.సి. 0.6 అంటే లీటరుకి సుమారు 6 మిల్లీ ఈక్వివలెంట్ లవణాలు. 1:2 కాబట్టి కిలో మట్టికి రెండు లీటర్లు, 12 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే 1.2 సెంటీమోల్. అందులో ఎక్కువ భాగం సోడియమే అనుకుని 1.0 తీసేద్దాం. ఇది అంచనా మాత్రమే, లేబులో నీటితో విడిగా తీసి కొలిస్తేనే కచ్చితం. మార్పిడి సోడియం 5.2 − 1.0 = 4.2.

అసలు పొరపాటు ఇప్పుడు చూడండి. కాగితంలో 8.4 శాతం ఎలా వచ్చింది? 5.2ని 61.6తో భాగించారు. భాగించాల్సింది 42తో. పైన సోడియం సరిచేయకుండా భాగిస్తే 12.4, సరిచేసి భాగిస్తే 10.0. కాల్షియంని ఉబ్బించిన సున్నమే సోడియం శాతాన్ని తక్కువ చేసి చూపించింది. ఇక కుర్చీల్లో నిజంగా ఉన్న కాల్షియం 42 నుంచి మిగతా మూడూ తీసేస్తే వస్తుంది: 42 − 11.5 − 0.9 − 4.2 = 25.4. కాగితంలోని 44 కాదు.

లేబుల్లో పనిచేసేవాళ్ళ కోసం: సున్నం నేలలకి సి.ఇ.సి.ని సోడియం ఎసిటేట్, పి.హెచ్. 8.2తో చేయాలి, ఆ పి.హెచ్. దగ్గర సున్నం పెద్దగా కరగదు. 4 గ్రాముల మట్టి సెంట్రిఫ్యూజ్ గొట్టంలో, 33 మి.లీ. ద్రావణం, 5 నిమిషాలు ఊపి, తిప్పి, పైనీరు పారబోయడం. ఇలా నాలుగుసార్లు. తర్వాత ఇథనాల్‌తో మూడుసార్లు కడగాలి. ఆపైన అమ్మోనియం ఎసిటేట్‌తో మూడుసార్లు సోడియాన్ని దింపి, 100 మి.లీ.కి చేసి ఫ్లేమ్ ఫోటోమీటర్ మీద పెట్టాలి. తేడా వచ్చేది ఇథనాల్ దగ్గరే. తక్కువ కడిగితే రేణువుల మధ్య ఇరుక్కున్న సోడియం మిగిలి సి.ఇ.సి. పెరుగుతుంది. అతిగా కడిగితే కుర్చీలోని సోడియం కూడా లేస్తుంది, బంక విడిపోయి పైనీటితో పాటు పోతుంది, సి.ఇ.సి. తగ్గుతుంది. కడిగిన ఇథనాల్ ఇ.సి. 40 మైక్రోసీమెన్స్ కంటే తగ్గగానే ఆపేయాలి.

---

రేగడి_పొలం:

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. రెండు చిన్న అనుమానాలు. ధనావేశం ఉన్నవి ఇన్ని ఉంటే నేల ఆమ్లంగా ఉండాలి కదా, పి.హెచ్. 8.6 ఏంటి? రెండోది, పొటాషియం 0.9 మాత్రమే ఉంది, 44 పక్కన అది మరీ తక్కువ కాదా? పొటాష్ బస్తా అదనంగా వేయాలా?

---

మోల్_లెక్క:

ఆమ్లం అవడానికి ధనావేశం చాలదు, హైడ్రోజన్ అయాన్ కావాలి, లేదా నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ని బయటికి నెట్టే అల్యూమినియం కావాలి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఆ పని చేయవు. పైగా వాటి జోడు కార్బొనేటు, బైకార్బొనేటు అయినప్పుడు నేల క్షారం వైపు పోతుంది. సున్నం ఒక్కటే ఉంటే పి.హెచ్. 8.2, 8.3 దగ్గర ఆగిపోతుంది. 8.5 దాటిందంటే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ చేయి ఉందని అనుమానించాలి. పైన ఆయన వేసిన లెక్కకి మీ 8.6 సాక్ష్యం పలుకుతోంది.

పొటాషియం: 0.9 × 391 = కిలోకి 352 మిల్లీగ్రాములు. హెక్టారు పైపొరని 22.4 లక్షల కిలోలనుకుంటే 788 కిలోలు. మామూలు పరీక్షల్లో ఇది 'ఎక్కువ' కోవలోకి వస్తుంది. సెంటీమోల్ అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి భయపడకండి.

---

చౌడు_వైద్యం:

మూడో ప్రశ్నకి వస్తాను. 'సురక్షితం' అని రాయడం వెనక 15 శాతం అనే హద్దు ఉంది. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ చేతిపుస్తకంలో పెట్టిన గీత అది. ఆస్ట్రేలియాలో 6 దాటితే చాలు, సోడియం నేల అంటారు. స్మెక్టైట్ బంక ఎక్కువున్న నల్లరేగడికి 15 దాకా ఆగడం నా దృష్టిలో తప్పు. మీకు 10 ఉంది, నీళ్ళు ఇంకడం లేదని మీరే రాశారు, పి.హెచ్. 8.6. ఇంకేం కావాలి?

సోడియంతో గొడవ ఎందుకో ముందు తెలియాలి. రెండు ఆవేశాల కాల్షియం బంక పలకల్ని దగ్గరగా పట్టి ఉంచుతుంది. సోడియంకి ఒకటే ఆవేశం, ఆ ఆవేశంతో పోలిస్తే దాని చుట్టూ నీటి తొడుగు మందం. అది కుర్చీలో కూర్చుంటే పలకలు దూరం జరుగుతాయి. వాన నీళ్ళో మంచి నీళ్ళో పడగానే రేణువులు విడివడి పాలలా తేలి, సన్న రంధ్రాల్లో దిగి పూడ్చేస్తాయి. ఆరాక అట్ట కడుతుంది. కేటయాన్లు కుర్చీని పట్టుకునే బలం వరస ఇదీ: అల్యూమినియం, కాల్షియం, మెగ్నీషియం, తర్వాత పొటాషియం, అమ్మోనియం దాదాపు సమానంగా, అందరికంటే కింద సోడియం. ఊరట ఏంటంటే, సోడియాన్ని లేపడం తేలిక. కష్టం ఏంటంటే, లేచినదాన్ని పొలం దాటించడం.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక గ్లాసు పరీక్ష చేయండి. పొలంలో పైన పొర నుంచి బఠాణీ గింజంత ఎండు పెళ్ళ తీసుకోండి. సన్న గాజు గ్లాసులో వాన నీరు గానీ బ్యాటరీ నీరు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) గానీ పోసి, పెళ్ళని మెల్లగా జారవిడవండి. ఊపొద్దు, కలపొద్దు. రెండు గంటలకి ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. పెళ్ళ పొడిపొడిగా విరిగి, నీళ్ళు తేటగా ఉంటే అది సోడియం కాదు, సేంద్రియ పదార్థం కరువు. మీ కర్బనం 0.42 కాబట్టి అదీ కొంత ఉండొచ్చు. పెళ్ళ చుట్టూ పాల మీగడ లాంటి మబ్బు కమ్మితే సోడియమే. ఈ పరీక్ష బోరు నీళ్ళతో చేస్తే పనికిరాదు, ఆ నీళ్ళలోని లవణాలు బంకని విడిపోకుండా పట్టి ఉంచి మోసం చేస్తాయి.

మబ్బు కనబడితే జిప్సం లెక్క. సోడియాన్ని 10 నుంచి 5 శాతానికి దించాలనుకుందాం. 42లో 5 శాతం 2.1. ఉన్నది 4.2. తీయాల్సింది 2.1 సెంటీమోల్. ఒక్కో సెంటీమోల్‌కి కిలో మట్టికి 0.86 గ్రాముల జిప్సం. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. 2.1 × 0.86 × 9 లక్షలు = సుమారు 1,625 కిలోలు, అదీ నూటికి నూరు శుద్ధమైతే. బస్తా మీద 80 శాతం అని ఉంటే 2,030 కిలోలు. వేసిన కాల్షియం అంతా సోడియం కుర్చీకే పోదు కాబట్టి ఇంకో పాతిక శాతం కలుపుకుంటే ఎకరాకి రెండున్నర టన్నులు. ఒకేసారి భరించలేకపోతే ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం. ఎకరానికి కొద్ది బస్తాలు చల్లి 'జిప్సం పనిచేయలేదు' అనేవాళ్ళు వేసింది కాల్షియం, గంధకం కోసం వేరుశనగకి వేసేలాంటి చిన్న మోతాదు. చౌడుకి అది చాలదు.

నేలలో 8 శాతం సున్నం ఉండగా మళ్ళీ కాల్షియం కొనడమేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పి.హెచ్. 8.6 దగ్గర సున్నం కరగదు. అది తాళం వేసిన ధాన్యపు గది. దాన్ని తెరవాలంటే ఆమ్లం కావాలి. గంధకం పొడి వేస్తే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చి సున్నాన్ని కరిగిస్తుంది. టన్ను జిప్సంకి 186 కిలోల గంధకం సమానం. మోయడం తేలిక, కానీ తేమ, వేడి ఉండాలి, నెలలు పడుతుంది. పచ్చిరొట్ట, పశువుల ఎరువు కుళ్ళేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు కూడా ఇదే పని మెల్లగా చేస్తుంది. జీలుగ వేసి పూతకి ముందే దున్నేయండి, జిప్సంతో పాటు.

అసలు పని పాడయ్యేది నీటి దగ్గర. లీటరు నీటిలో జిప్సం రెండున్నర గ్రాములకి మించి కరగదు. రెండు టన్నులు కరగాలంటే ఎనిమిది లక్షల లీటర్లు, అంటే ఎకరం మీద 20 సెంటీమీటర్ల నీరు. మట్టి కాల్షియాన్ని లాక్కుంటూ ఉంటుంది కాబట్టి నిజానికి కొంత తక్కువతో సరిపోతుంది, అయినా ఒక్క తడితో అయ్యే పని కాదు. అందుకే జూన్‌కి ముందు పొడి మెత్తగా చల్లి, పైన నాలుగంగుళాల్లో కలిసేలా గుంటక తోలి, గట్లు గట్టిగా వేసి వాన నీళ్ళు నిలబెట్టాలి. లోతు దుక్కిలో పూడ్చేస్తే పైన అట్ట అలాగే ఉంటుంది. ఆ లేచిన సోడియం, సోడియం సల్ఫేటుగా కిందికి దిగి బయటికి పోవాలి. పొలం చివర మురుగు కాలువ పూడిపోయి ఉంటే జిప్సం కొనకముందు అది తవ్వించండి. లేకపోతే ఎండాకాలం తేమతో పాటు సోడియం మళ్ళీ పైకి ఎక్కుతుంది.

---

బోరు_బావి:

చౌడు_వైద్యం గారు చెప్పినదానికి ఒక తోక. బోరు నీళ్ళు పరీక్ష చేయించకుండా జిప్సం వేస్తే ఒక చేత్తో తుడిచి ఇంకో చేత్తో పూసినట్టే. నీళ్ళ కాగితంలో కార్బొనేటు, బైకార్బొనేటు కలిపి, అందులోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తం తీసేయండి, అన్నీ లీటరుకి మిల్లీ ఈక్వివలెంట్లలో. మిగిలేది ఆర్.ఎస్.సి. (రెసిడ్యువల్ సోడియం కార్బొనేట్). అది 1.25 లోపు ఉంటే ఇబ్బంది లేదు. 1.25 నుంచి 2.5 మధ్య జాగ్రత్త. 2.5 దాటితే ఆ నీళ్ళు నేలలోని కాల్షియాన్ని సున్నంగా రాల్చేసి సోడియానికి కుర్చీలు ఖాళీ చేయిస్తాయి. మీ కష్టం మొదలైంది ఇక్కడే అని నా అనుమానం.

దిద్దుబాటు లెక్క: ఎకరాకి 5 సెంటీమీటర్ల తడి అంటే రెండు లక్షల లీటర్లు. ఒక్కో యూనిట్ ఆర్.ఎస్.సి.కి లీటరుకి 86 మిల్లీగ్రాములు, అంటే తడికి 17 కిలోల శుద్ధ జిప్సం. ఆర్.ఎస్.సి. 5 ఉండి 2.5కి దించాలంటే తడికి 43 కిలోలు. బోరు నీరు పడే చోట చిన్న తొట్టి కట్టి, జిప్సం గడ్డల్ని వల సంచిలో వేలాడదీసి, వాటి మీదుగా నీళ్ళు పారిస్తారు. పొడి వేస్తే ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. డ్రిప్పు ఉంటే ఈ తొట్టి నీళ్ళు ఫిల్టరుకి ముందే పూర్తిగా తేరాలి, లేదంటే డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

కాలువ నీళ్ళు వచ్చే నెలల్లో కాలువవే వాడండి, బోరుని చివరి తడులకి ఉంచుకోండి. ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్ళు దాని వెనక్కి కడిగే ఉప్పు నీళ్ళని పెరట్లోకి వదులుతుంటారు, అదీ మానేయాలి. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ కూడా మీ బంకమట్టి లాంటిదే: కాల్షియం పట్టి సోడియం వదులుతుంది. నీళ్ళకి మంచిది, మట్టికి పగ.

---

కొత్త_సభ్యుడు_77:

పైన నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌటు. కాల్షియం నైట్రేట్ డ్రిప్పులో ఎలాగూ ఇస్తున్నాం కదా, అది చాలదా?

---

మట్టి_పరీక్ష:

చాలదు. కాల్షియం నైట్రేట్‌లో కాల్షియం 19 శాతం దాకా ఉంటుంది, ఎకరాకి 25 కిలోలు ఇస్తే 4.75 కిలోల కాల్షియం. పైన అడిగింది 2.1 సెంటీమోల్, అంటే కిలో మట్టికి 0.42 గ్రాములు, ఎకరాకి 380 కిలోల కాల్షియం. కాయకి ఇచ్చే మందు వేరు, నేలకి చేసే వైద్యం వేరు.

అదే ఎరువులో ఇంకో సంగతి చూడొచ్చు. కాల్షియం కేటయాన్, కుర్చీలో ఆగుతుంది. నైట్రేటుది ఋణావేశం, బంకది కూడా ఋణావేశమే. కుర్చీ దొరకదు, నీళ్ళతో పాటు కిందికి పోతుంది. అమ్మోనియం ఆగుతుంది, నైట్రేటు ఆగదు. ఇంగ్లండులో తామ్సన్, వే అనే ఇద్దరు 1850లో అచ్చువేసింది ఇదే: మట్టి మీద అమ్మోనియం సల్ఫేటు ద్రావణం పోస్తే అడుగున కాల్షియం సల్ఫేటు దిగింది. కేటయాన్ మారింది, సల్ఫేటు అలాగే దాటిపోయింది. మార్పిడి అనే మాట అక్కడి నుంచే మొదలు.

రేగడి_పొలం గారూ, మళ్ళీ పరీక్షకి ఇచ్చేటప్పుడు ఒక్క నమూనా ఇవ్వకండి. 0–15 సెంటీమీటర్లు ఒకటి, 15–30 ఒకటి. సోడియం తరచూ కింద ఎక్కువ ఉంటుంది. ఎరువు కుప్ప పోసిన చోటు, గట్టు పక్క, కాలవ నోరు వదిలేసి ఎకరాకి పది పన్నెండు చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకి తెచ్చి, నీడలో ఆరబెట్టండి. ఫారం మీద ఇలా రాయించండి: సి.ఇ.సి. సోడియం ఎసిటేట్ పి.హెచ్. 8.2తో, నీటిలో కరిగే సోడియం విడిగా, సోడియం శాతానికి భాగహారం సి.ఇ.సి.తోనే. ఆ చివరిది నోటితో చెప్పి ఊరుకోకండి, రాయించండి.

---

రేగడి_పొలం:

గ్లాసు పరీక్ష పెట్టాను, బ్యాటరీ నీళ్ళతో. రెండు గంటలకే పెళ్ళ చుట్టూ మబ్బు కమ్మింది, పక్కన బోరు నీళ్ళ గ్లాసులో అదే మట్టి తేటగా ఉంది. రేపు నీళ్ళ నమూనా ఇస్తున్నాను. మురుగు కాలువ చివర తూము దగ్గర పూడిపోయి ఉంది, ముందు అది తీయిస్తాను. ఆర్.ఎస్.సి. అంకె రాగానే ఇక్కడే పెడతాను.